గొల్లభామ బరువు దించేదెవరు?

సిద్దిపేటకు రైలొచ్చింది, ఐటీ టవర్ వచ్చింది, కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీ వచ్చింది. ఊరికి పేరు తెచ్చిన మగ్గం మాత్రం ఇంకా గుంటలోనే ఉంది.

గొల్లభామ చీర నేసే చేతుల్ని దగ్గర్నుంచి చూడాలి. నాడె ఒకసారి పరుగెత్తి ఆగుతుంది. నేతకారుడు పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, రంగు నూలు చుట్టిన చిన్న కండెలను వేళ్లతో ఒక్కొక్కటే దూరుస్తాడు. మళ్లీ నాడె, మళ్లీ లెక్క. వరస మీద వరస పేరితే తలమీద చల్లకుండతో భామ నిలబడుతుంది. ఒక్క పోగు తప్పితే ఆమె నడుము వంకరపోతుంది.

ఈ పనితనానికి 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పేరును కాపాడుతుంది కానీ పొయ్యి వెలిగించేది కూలి. అది గిట్టకే తెలంగాణ పద్మశాలీలు తరాలుగా భీవండి, షోలాపూర్, సూరత్ బాట పట్టారు.

కొత్త గేట్లు

2014లో రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది పరిశ్రమల అనుమతులకు టీఎస్ ఐపాస్ చట్టమూ వచ్చింది. 2016లో సిద్దిపేట జిల్లా అయింది. 2023 జూన్‌లో ఐటీ టవర్, అక్టోబర్ 3న సికింద్రాబాద్‌కు తొలి రైలు, 2024 డిసెంబరులో బండతిమ్మాపూర్‌లో కోకాకోలా ప్లాంటు. కొలువులు కావలసిందే, కాదనేవారు లేరు.

కానీ నంగునూరు మండలం నర్మెట్ట చెప్పే పాఠం వేరు. ఆయిల్‌పామ్ గెల కోశాక వెంటనే మిల్లుకు చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. ఆయిల్‌ఫెడ్ పాత మిల్లులేమో ఎక్కడో అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో ఉన్నాయి. అందుకే ఇక్కడ తోటల మధ్యకే ఫ్యాక్టరీని తెచ్చారు. పంట ఉన్నచోటికి పరిశ్రమ రావాలన్న ఈ లెక్క, పని తెలిసిన చేతులు ఉన్నచోటికి ఎందుకు వర్తించదు? నూలు, అద్దకం, డిజైన్, అమ్మకం... ఇవన్నీ సిద్దిపేట, దుబ్బాక మగ్గాల పక్కనే దొరికితే నేతకారుడు ఊరు విడవడు.

వూచ్ నేర్పిన పాఠం

పోలండ్‌లో వూచ్ అనే నగరం బట్టల మిల్లులతోనే బతికింది. 1989 తర్వాత కమ్యూనిస్టు దేశాల మార్కెట్ కుప్పకూలి మిల్లులు మూతపడ్డాయి. అతి పెద్ద మిల్లుల్లో ఒకటి 2006లో ‘మానుఫక్తూరా’ పేరుతో షాపింగ్ మాల్‌గా తెరుచుకుంది. ఎర్ర ఇటుకల గోడలు మిగిలాయి, లోపలి నేత మిగల్లేదు. గొల్లభామ కూడా సర్కారు బహుమతుల పెట్టె మీద బొమ్మగానే మిగిలితే మనకూ అదే గతి.

ఈసారి గొల్లభామ చీర కొంటే కొంగు తిప్పి చూడండి. అచ్చుగుద్దినదైతే వెనక రంగు వెలిసినట్టుంటుంది. నేసినదైతే అటువైపూ పోగులు కనిపిస్తాయి. ఆ పోగులకే ధర కట్టండి.