సఖినేటిపల్లి రేవు పాఠం... ఆల్ప్స్ కొండల్లో పనికొచ్చింది!

యూరప్ ట్రిప్ అంటే మనకు తెలిసినవి రెండే దారులు. ఒకటి రైలు పాస్, రెండోది చవక ఎయిర్‌లైన్స్. మూడో దారి కూడా ఉంది. ఊరి చివరున్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లి, నాలుగు సీట్ల విమానం అద్దెకు తీసుకుని, కారేసుకుని వెళ్లినట్టు దేశాలు దాటేయడం! రీల్స్‌లో చూస్తే అంతా రెక్కలు, మేఘాలు, కూలింగ్ గ్లాసులే. అందులో కనిపించని సంగతి ఒకటుంది. ఈ టూర్‌లో అసలు విద్య ఎగరడం కాదు, ఎప్పుడు ఎగరకూడదో తెలియడం.

నాది అమలాపురం. ఉద్యోగం జర్మనీలో. మా ఆఫీసులో సీనియర్ ఒకాయనది రాజోలు దగ్గర పల్లె. నేను అన్నయ్యా అంటాను. ఆయనకి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. మొన్న మే నెలలో ఆయన, నేను, ఇంకో స్నేహితుడు కలిసి ఆగ్స్‌బర్గ్ నుంచి బయల్దేరాం. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా, ఇటలీ... ఇదీ ప్లాన్.

ఆవకాయ వద్దు, పూతరేకులు ఓకే

మా విమానం సెస్నా 172. 1956 నుంచి తయారవుతున్న మోడల్ ఇది. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత ఎక్కువగా తయారైన విమానం ఇంకోటి లేదు. ముందు ఒకే ఇంజిన్, 160 హార్స్‌పవర్. వేగం గంటకు 200 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఫొటో పంపితే అమ్మ ఫోన్ చేసి, "అదేంట్రా, ఆటోకి రెక్కలు కట్టినట్టుంది!" అంది.

బరువు దగ్గర మాత్రం మహా పట్టింపు. మేమెక్కిన పాత మోడల్ మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 1,040 కిలోలు దాటకూడదు. అన్నయ్య మా ముగ్గురినీ, బ్యాగుల్నీ తూకం వేశాడు. నా ఆవకాయ సీసా అక్కడే ఆగిపోయింది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పాసైపోయింది.

ఈ నాలుగు దేశాలూ షెంగెన్‌లోనివే కాబట్టి, మామూలుగా పాస్‌పోర్ట్ క్యూలు ఉండవు. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు మాత్రం జేబులో ఉండాల్సిందే. సరిహద్దు దాటే ముందు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, ఎన్ని గంటల పెట్రోలు అని ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ట్యాబ్‌లో పది నిమిషాల పని.

కొండల మధ్య ఒక రోజు

శుక్రవారం గంటలో ఆస్ట్రియాలోని జెల్ ఆమ్ జే చేరిపోయాం. సరస్సు ఒడ్డున, చుట్టూ మంచుకొండలతో చిన్న ఎయిర్‌ఫీల్డ్. శనివారం పొద్దున్నే లేచి రెడీ అయ్యాం. మా మీద ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. అన్నయ్య మాత్రం వాతావరణ రిపోర్టు చూసి, "ఇవాళ లేదు" అన్నాడు.

ఎందుకంటారా? మా లైసెన్సుకి రూల్ ఒకటే. కళ్లతో చూస్తూ ఎగరాలి, మబ్బులోకి దూరకూడదు. దక్షిణానికి వెళ్లాలంటే ఫెల్బర్‌టౌర్న్ కనుమ దాటాలి. అది దాదాపు 2,480 మీటర్ల ఎత్తు. పక్కనే ఆస్ట్రియాలో అన్నిటికన్నా ఎత్తైన గ్రాస్‌గ్లాక్‌నర్, 3,798 మీటర్లు. ఇవతల ఎండ కాస్తున్నా, అవతలి వైపు మబ్బు కనుమకి మూత పెట్టేసింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి చిన్న ఇంజిన్‌కి శక్తి తగ్గుతుంది. మబ్బు మీద నుంచి దూకేద్దామంటే కుదరదు. అందుకే కొండల్లో పైలట్లు లోయ మధ్యలో కాకుండా ఒక పక్కగా వెళ్తారు. ముందు దారి మూసుకుంటే వెనక్కి తిరగడానికి చోటుండాలి కదా.

"సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేసిన రోజులు గుర్తున్నాయా తమ్ముడూ?" అన్నాడు అన్నయ్య. ఎందుకు గుర్తుండవు! ఇటు సఖినేటిపల్లి, అటు నరసాపురం, మధ్యలో వశిష్ఠ. వరదొచ్చినా, గాలి లేచినా పంటు ఆగిపోతుంది. అవతల పెళ్లి ఉందన్నా, పరీక్ష ఉందన్నా సరంగు కదలడు. జనం తిట్టుకుంటారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదారిలో టూరిస్టు బోటు మునిగింది. ఆ రోజు టీవీ చూసిన గోదారోళ్లెవరూ ఆగిన పంటుని మళ్లీ తిట్టరు.

ఉప్పు మడులు, గడ్డి రన్‌వే

ఆదివారం మబ్బు విడిపోయింది. కనుమ దాటి గంటన్నరలో స్లొవేనియా తీరంలోని పోర్టొరోజ్‌లో దిగాం. రన్‌వే పక్కనే సెచొవ్లే ఉప్పు మడులు. అక్కడ 700 ఏళ్లకు పైగా ఉప్పు పండిస్తున్నారట. పైనుంచి చూస్తే అచ్చం అంతర్వేది వైపు చెరువుల గళ్లే.

సోమవారం లైఫ్ జాకెట్లు వేసుకుని సముద్రం మీదుగా వెనిస్. లిడో దీవిలో రన్‌వే మొత్తం పచ్చగడ్డి! 1930ల నాటి టెర్మినల్ ఇంకా చెక్కుచెదరలేదు. బయటికొచ్చి నీటి బస్సెక్కితే వెనిస్ నడిబొడ్డుకి. కాలవలు, పడవలు, లంకలు... కొబ్బరిచెట్లొక్కటే తక్కువ.

తేదీ నాకు చెప్పకు

బుధవారం రాత్రి మ్యూనిక్ నుంచి నాకు ఇండియా ఫ్లైట్ ఉంది. శనివారం కొత్తపేటలో చెల్లి నిశ్చితార్థం. మంగళవారం చూస్తే ఆల్ప్స్ దక్షిణం వైపంతా మళ్లీ మబ్బే. అన్నయ్య ముందే హెచ్చరించాడు: "నీ ఫ్లైట్ ఎప్పుడో విమానంలో నా దగ్గర ఎత్తకు. తేదీ నా బుర్రలో కూర్చుంటే మబ్బు పలచగా కనిపిస్తుంది."

నేను ఆ రోజే రైలెక్కేశాను. వెనిస్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా మ్యూనిక్, దాదాపు ఏడు గంటలు. మిగతా ఇద్దరూ విమానంతో ఉండిపోయారు. శుక్రవారం ఆకాశం తెరుచుకున్నాకే తిరిగొచ్చారు.

ఇలాంటి తేదీల కథ మనవాళ్లకి కొత్తేం కాదు. ఇంగ్లండ్, ఇండియా మధ్య ఒంటరిగా ఎగిరే తొలి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 1930లో 25 ఏళ్ల జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి, 17 ఏళ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండ్ నుంచి బయల్దేరారు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. స్పార్క్ ప్లగ్‌ల కోసం ఆగిపోయిన ఆస్పీకి జేఆర్‌డీ తన దగ్గరున్నవి ఇచ్చేశారు. గెలిచింది ఆస్పీయే! తర్వాత ఆయన వైమానిక దళాధిపతి కూడా అయ్యారు. అదే పోటీలో మన్‌మోహన్ సింగ్ అనే పైలట్ గడువు దాటాక ఇండియా చేరారు. బహుమతి పోయింది. మనిషి మాత్రం క్షేమంగా దిగారు.

మరి ఖర్చు?

క్లబ్ విమానం అద్దె పెట్రోలుతో కలిపి మాకు గంటకు 210 యూరోలు పడింది. వెళ్లేటప్పుడు మూడున్నర గంటలు, పైన ల్యాండింగ్ ఫీజులు. ముగ్గురం పంచుకుంటే నా వాటా 270 యూరోలు, అంటే పాతిక వేల రూపాయల పైమాటే. యూరప్ రూల్ ప్రకారం ప్రైవేట్ పైలట్ లాభం తీసుకోకూడదు. విమానంలో ఉన్నవాళ్లు, పైలట్‌తో సహా, ఖర్చు పంచుకోవచ్చు. అందుకే నేను లేని తిరుగు ప్రయాణానికి వాటా ఇస్తానన్నా అన్నయ్య తీసుకోలేదు.

నేర్చుకోవాలని ఉందా? యూరప్‌లో ప్రైవేట్ లైసెన్సుకి 17 ఏళ్లు నిండాలి, మెడికల్ పాసవ్వాలి, కనీసం 45 గంటల శిక్షణ కావాలి. మన దగ్గరా వయసు 17 ఏళ్లే. పదో తరగతి పాసై, 40 గంటలు ఎగరాలి. డబ్బు లక్షల్లోనే అవుతుంది, అందులో మొహమాటం లేదు.

పైలట్ పక్కన కూర్చుని టూర్‌కి వెళ్లే ఛాన్స్ వస్తే మాత్రం బయల్దేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "వాతావరణం బాగోకపోతే ఏం చేద్దాం?" ఆగిపోదాం అన్నవాడితోనే వెళ్లండి. రైలు టికెట్ డబ్బులు విడిగా పెట్టుకుని మరీ వెళ్లండి.