జబ్బు ఒకరికి, పోయేది ఇద్దరి కూలి

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వెళ్లే దారి, వచ్చే దారి, మంచం ఖాళీ అయ్యేదాకా కూర్చునే సమయం కలుపుకుంటే ఒక్కో విడతకు ఒక పగలు పోతుంది. అంటే నెలకు 13 పగళ్లు. మిషన్ మీద నుంచి దిగిన మనిషి నీరసంతో తూలిపోతుంటాడు కాబట్టి పక్కన ఒకరు ఉండాలి. ఆ ఒకరు చాలా ఇళ్లలో భార్యే. ఆమె కూడా కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లయితే, జబ్బు ఒకరికి వస్తుంది, కూలి ఇద్దరిదీ పోతుంది.

పెద్ద జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా ఆసుపత్రి బిల్లు దగ్గరే ఆగిపోతాం. బిల్లు కట్టనక్కర్లేని ఇళ్లు కూడా జబ్బుతో ఎందుకు కూలిపోతున్నాయో అర్థం కావాలంటే పోయిన కూలి లెక్క చూడాలి.

బిల్లు తగ్గిన మాట నిజమే

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చి, ఒక్కో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. తెల్లకార్డు ఉన్నవారికి డయాలసిస్ ఈ పథకాల కిందే జరుగుతోంది.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం తమ జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది. 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ లెక్కలో ఉన్నది వైద్యానికి పెట్టిన డబ్బు మాత్రమే. పనికి పోలేక రాకుండా పోయిన డబ్బు ఇందులో ఉండదు. జీతం ఆగని ఇంటికి మొదటిదే ప్రధానం. రోజుకూలీ ఇంటికి రెండోదే ప్రాణాంతకం.

ఒక ఇంటి లెక్క

దళితవాడలో భూమి లేని ఒక జంటను అనుకుందాం. భర్తకు రోజుకు 600, భార్యకు 400 కూలి. నెలకు ఇద్దరికీ 20 రోజుల చొప్పున పని దొరికితే ఇంటికొచ్చేది 20,000. భర్తకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. అతని 12,000 పూర్తిగా ఆగిపోతుంది. అతనితో ఆసుపత్రికి తిరుగుతున్న భార్యకు పది రోజుల పని దొరకడమే గగనం. ఆమె తెచ్చేది 4,000. అంటే 20,000 వచ్చే ఇంట్లో ఇప్పుడు 4,000.

దీనికి పింఛను కలుపుదాం. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఉంది. అక్కడ ఆదాయం 14,000 అవుతుంది. తెలంగాణలో ఆసరా కింద వచ్చేది 2,016. ఇక్కడ 6,016.

ఇప్పుడు ఖర్చు. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. అది పెద్ద ఊరటే. అయినా భర్త టికెట్టు, ఊరి నుంచి బస్సు రోడ్డుదాకా ఆటో, మధ్యాహ్నం తిండి కలిపి విడతకు 200 అనుకున్నా నెలకు 2,600 అవుతుంది. బయట కొనే మందులు, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు, పరీక్షలు 3,000 అనుకుందాం. మొత్తం 5,600.

ఆంధ్రప్రదేశ్ ఇంట్లో మిగిలేది 8,400. తెలంగాణ ఇంట్లో మిగిలేది 416 రూపాయలు. ఇందులోనే నెల సరుకులు, కరెంటు బిల్లు, పిల్లల చదువు. జబ్బు బయటపడ్డ తొలిరోజుల్లో తెచ్చిన లక్ష రూపాయల అప్పు ఉంటే, నూటికి మూడు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 3,000 కట్టాలి. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత కింద హామీ ఇచ్చిన 4,000 పింఛను వేసి చూసినా తెలంగాణ ఇంట్లో మిగిలేది 2,400. వడ్డీకే చాలదు.

ఇవి అనుకున్న అంకెలే. మీ మండలంలో కూలి రేట్లు వేసి మళ్లీ లెక్క కట్టండి. అంకెలు మారినా, ఇంటిని ముంచేది ఏ గడిలో ఉందో తెలుస్తుంది.

జీతగాడికి సెలవు, కూలీకి పస్తు

జబ్బు పడ్డప్పుడు కూలి నష్టం భర్తీ చేయాలనే ఆలోచన మన దేశానికి కొత్త కాదు. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. అందులో ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నవాటికి వేతనంలో 80 శాతం, గరిష్ఠంగా రెండేళ్ల దాకా పొందే వీలుంది. ఇందులో వ్యవసాయ కూలీలు లేరు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, అడ్డా మీద నిలబడే కూలీలు లేరు. ఈఎస్ఐ గీత బయట నిలబడిన జనంలో దళితులు ఎంతమందో మన వాడల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

గీత బయటివాళ్లకు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అనే పథకం మొదలైంది. శస్త్రచికిత్స తర్వాత డాక్టరు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా రోగికి ఇవ్వడం దాని ఉద్దేశం. మొత్తం చిన్నదే. కానీ రోజుకూలీకీ జబ్బు సెలవు ఉండాలన్న సూత్రాన్ని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. రోగిని చూసుకునే మనిషి కూలిని మాత్రం ఆ పథకమూ లెక్కలోకి తీసుకోలేదు.

అప్పు ఎక్కడ పుడుతుంది

ఆస్తి ఉన్న ఇంట్లో జబ్బు వస్తే బంగారం బ్యాంకుకు పోతుంది, పొలం తాకట్టుకు పోతుంది. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వారి సాగులో ఉన్న భూమి సుమారు 9 శాతమే. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఇంటికి అప్పు మూడు చోట్ల పుడుతుంది. మూడింటికీ వేరువేరు ఉచ్చులున్నాయి.

ఒకటి, అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడానికి వీల్లేదు. కొన్నవాడికి హక్కు రాదు. ఆ భూమిని స్వాధీనం చేసుకుని మొదటి లబ్ధిదారుకు తిరిగి ఇచ్చే అధికారం అధికారులకు ఉంది. బ్యాంకు దగ్గర తాకట్టు మాత్రం పెట్టుకోవచ్చు. అయినా ఆసుపత్రి అవసరానికి తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఎకరం, అరెకరం వదులుకున్న కుటుంబాలు ఎన్నో. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములను అమ్ముకునే వీలు తెచ్చింది. అది హక్కే. కానీ జబ్బు ఇంట్లో ఉన్నప్పుడు ఆ హక్కును వాడించేది అవసరం, ధర చెప్పేది కొనేవాడు.

రెండు, మైక్రోఫైనాన్స్. అప్పు భార్య పేరు మీద ఉంటుంది. కిస్తీ తప్పితే గుంపు ఇంటి ముందు కూర్చుంటుంది. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు తెలిసి ఉండటం ఇక్కడ అవసరం. ఇంటి నెలవారీ అప్పుల కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం మించేలా అప్పు ఇవ్వకూడదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి వచ్చే వీలుంది. బెదిరింపులు, తిట్లు ఎప్పుడూ కుదరవు.

మూడు, పనిచేసే ఆసామి దగ్గర బదులు. ఇది అన్నిటికన్నా పాతది. డబ్బు తీరేదాకా వేరే పొలానికి పోకూడదు, పెద్దకొడుకు బడి మానేసి జీతానికి ఉండాలి అన్నారంటే అది సాయం కాదు. అప్పుకు బదులుగా పని కట్టేసి, వేరేచోట పనిచేసుకునే స్వేచ్ఛ లాక్కుంటే 1976 చట్టం ప్రకారం అది వెట్టిచాకిరీ. ఆ అప్పు తీర్చే బాధ్యత చట్టం ముందు రద్దవుతుంది. ఫిర్యాదు కలెక్టరుకు, ఆర్డీఓకు ఇవ్వవచ్చు.

కాగితాల పని ముందే మొదలవ్వాలి

కుటుంబం డబ్బు కోసం తిరుగుతున్న రోజుల్లోనే కాగితాలూ సమకూరాలి. చదువుకున్న కుర్రాళ్లు, కార్యకర్తలు చేయగలిగిన పని ఇది.

ఆరోగ్యశ్రీ కింద చేరినప్పుడు ఆసుపత్రి డబ్బు అడిగితే రసీదు అడగాలి. అక్కడుండే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫోన్ చేయాలి. ముఖ్యమంత్రి సహాయ నిధికి అసలు బిల్లులు కావాలి కాబట్టి ఇచ్చేముందు ప్రతిదానికీ జిరాక్సు తీసి దాచాలి.

ఎస్సీ, ఎస్టీలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింది డాక్టర్ అంబేడ్కర్ ఫౌండేషన్ వైద్య సహాయ పథకం ఉందని మన వాడల్లో చాలామందికి తెలియదు. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవారికి కిడ్నీ, గుండె, కాలేయం, క్యాన్సర్, మెదడు లాంటి పెద్ద జబ్బులకు ఇది వర్తిస్తుంది. డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది. ఖర్చు పెట్టాక తిరిగి ఇచ్చే పథకం కాదు కాబట్టి అంచనా పత్రంతో ముందే దరఖాస్తు పెట్టాలి. కులం, ఆదాయం పత్రాలు చేతిలో లేక ఆగిపోయే దరఖాస్తులు మనం ఆపగలిగినవి.

అడగాల్సింది ఏమిటి

జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద పేద ఇంట్లో సంపాదించే మనిషి 18-59 ఏళ్ల మధ్య చనిపోతే 20,000 ఇస్తారు. ఆ మనిషి బతికి, మంచం మీద ఉండి, ఇల్లు రోజూ కరిగిపోతున్నప్పుడు ఆ తలుపు తెరుచుకోదు.

కాబట్టి డిమాండు స్పష్టంగా ఉండాలి. దీర్ఘకాలిక జబ్బు పడ్డ రోజుకూలీకి కనీస వేతనంతో ముడిపెట్టిన భృతి ఇవ్వాలి. ఆసుపత్రికి వెంట వెళ్లే మనిషి పోగొట్టుకున్న రోజులకూ కూలి కట్టాలి. పని మానకుండా వెళ్లిరాగలిగే దూరంలో, రాత్రి విడత కూడా నడిచే డయాలసిస్ కేంద్రాలు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ పింఛను 2019లో 10,000కు పెరగడం వెనక ఉద్దానం కిడ్నీ బాధితుల ఏళ్లనాటి గోడు ఉంది. అడిగితేనే వచ్చింది. ఒక రాష్ట్రంలో వచ్చింది పక్క రాష్ట్రంలో ఎందుకు రాదో అడగడానికి అదే ఆధారం.

మొదటి పని చిన్నదే. మీ వాడలో డయాలసిస్‌కో, క్యాన్సర్ చికిత్సకో తిరుగుతున్న ఇంటికి వెళ్లి ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఒకవైపు పెట్టిన ఖర్చు రాయాలి, రెండోవైపు ఇద్దరూ పనికి పోలేని రోజులు రాయాలి. బిల్లుకు రసీదు ఉంటుంది. పోయిన కూలికి ఎవరూ రసీదు ఇవ్వరు. ఆ రెండో వైపు మనమే రాసి, కలెక్టరు ముందు ప్రజావాణిలో పెట్టాలి.