కొరిశపాడు రోడ్డు మీద టైగర్ మాత్ దిగుతుందా?

కొరిశపాడు – రేణంగివరం మధ్య హైవే మీద వాయుసేన విమానాలు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి చెరుకుపల్లిలో టీకొట్టు దగ్గర కూడా రన్‌వేల మీద చర్చే. రోడ్డు నున్నగా, పొడుగ్గా ఉంటే ఏ విమానమైనా దిగిపోతుందని చాలామంది అభిప్రాయం. 4.1 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 2022 డిసెంబరు 29 నాటి వాయుసేన ట్రయల్‌లో ఏ చక్రమూ నేలకు ఆనలేదు. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి లేచాయి; సుఖోయ్, హాక్ మాత్రం అప్పుడూ పైనుంచే వెళ్లిపోయాయి.

అదే రోడ్డు మీద పాతకాలపు శిక్షణ విమానం టైగర్ మాత్‌ను దించమంటే పైలట్ వెంటనే ఒప్పుకోడు. ముందు గాలి ఎటు వీస్తోందని అడుగుతాడు. అది దిగే వేగం గంటకు 70 కిలోమీటర్ల దగ్గర్లోనే. అంత నెమ్మదైన, తేలికైన విమానానికి పక్కనుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలినా చిన్న సంగతి కాదు. మధ్యాహ్నం మన సముద్రపు గాలి ఆ రోడ్డుకు అడ్డంగానే కొడుతుంది. టైగర్ మాత్‌కు కావలసింది పచ్చగడ్డి మైదానం. గాలి ఎటునుంచి వస్తే అటు ముఖం పెట్టి దిగొచ్చు, తోక కింది స్కిడ్ గడ్డిలో గీసుకుంటూ వేగాన్ని తగ్గిస్తుంది. తారు మీద ఆ పట్టు దొరకదు.

నేలను తాకితే గండం గడిచినట్టేననుకోవడం ఇంకో అపోహ. ఈ రకం విమానానికి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనక ఉంటుంది. ట్రాక్టరు ట్రక్కును రివర్సు చేసేటప్పుడు కాస్త వంకర పోతే వెంటనే సరిచేయాలి, లేదంటే ఆ వంకర పెరిగిపోతుంది. ఇదీ అంతే: తోక ఓ పక్కకు జరిగితే ఇంకా జరగాలనే చూస్తుంది. వేగం తగ్గేకొద్దీ చుక్కానికి గాలి చాలదు. అసలు డిజైన్‌లో చక్రాలకు బ్రేకులే లేవు. పట్టు తప్పితే విమానం గిర్రున తిరుగుతుంది, కింది రెక్క కొస నేలను గీరుతుంది, చక్రాల కాలు మడత పడుతుంది. పైలట్లు దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. పైగా ముక్కు పైకెత్తి దిగుతుంది కాబట్టి సూటిగా ముందేముందో కనపడదు. పక్కలకు చూస్తూ అంచనా కట్టాల్సిందే.

ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుందన్నది ఒట్టి మాట. జారుకుంటూ దిగుతుంది.

టైగర్ మాత్‌లా ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలున్న విమానం మాట రాగానే సంజయ్ గాంధీ ప్రమాదాన్ని లాక్కొస్తారు. 1980 జూన్ 23న ఆయన నడిపింది పిట్స్ ఎస్-2ఎ, విన్యాసాల విమానం. ఆ ప్రమాదం జరిగింది విన్యాసాలు చేస్తుండగా, ల్యాండింగ్‌లో కాదు.

ముందు సీటు పైలట్‌ది, వెనకది ప్రయాణికుడిది అనుకుంటాం. టైగర్ మాత్‌లో విద్యార్థి వెనక, గురువు ముందు. ఒంటరిగా ఎగిరినా వెనకే కూర్చోవాలి, బరువు సరిపడాలి కదా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలో మన కుర్రాళ్లు పాఠాలు నేర్చింది వీటి మీదే. తర్వాత బెంగళూరు హెచ్ఏఎల్ వారి శిక్షణ విమానం హెచ్‌టీ-2 వచ్చింది.

"రెక్క మీది గుడ్డ చిరిగింది, అతుకేస్తే సరి" అన్నది చివరి అపోహ, ప్రమాదకరమైనది కూడా. బయట చిన్న చిరుగే కనిపించొచ్చు. లోపల రెక్కను మోసే చెక్క దూలం చీలిందేమో గుడ్డ విప్పి చూడాలి. ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌నూ పరీక్షించాలి. అవన్నీ తేలేదాకా విమానం షెడ్డు దాటకూడదు.