తక్కువ ధర రిమోట్ కార్లు: కొంటే లాభమా.. డబ్బు దండగా? ఆర్డర్ పెట్టే ముందు ఇవి చూడండి

ఆన్‌లైన్‌లో రూ.800కే మెరిసిపోయే రిమోట్ కారు. ఫొటోలో ఏకంగా కొండలే ఎక్కేస్తోంది. పిల్లాడు అడిగాడు కదా అని ఆర్డర్ పెట్టేస్తాం. వారం తిరక్కుండానే అది అటకెక్కేస్తుంది. చాలా ఇళ్లలో జరిగేదే ఇది. మరి తక్కువ ధర కార్లు అసలు కొనకూడదా? కొనొచ్చు. కానీ రేటు కంటే ముందు ఒకటి చూడాలి.. పాడైతే బాగు చేసుకునే వీలుందా, లేదా?

అసలు తేడా ఇక్కడే..

రిమోట్ కార్లు ముఖ్యంగా రెండు రకాలు. బొమ్మల షాపుల్లో దొరికేవి టాయ్ గ్రేడ్. వీటిలో సిగ్నల్ అందుకోవడం, మోటార్‌ని నడపడం అంతా ఒకే చిన్న సర్క్యూట్ బోర్డు పని. అది కాలిపోతే కారు పోయినట్టే. గేర్ పళ్లు అరిగినా విడిగా దొరకడం కష్టం. రెండో రకం హాబీ గ్రేడ్. మోటార్, స్టీరింగ్ తిప్పే సర్వో, గేర్లు, టైర్లు విడివిడిగా అమ్ముతారు. స్క్రూడ్రైవర్ ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. ధర మాత్రం చాలా రెట్లు ఎక్కువ.

షాపులోనే చిన్న టెస్ట్

రిమోట్ స్టీరింగ్‌ని కొంచెమే తిప్పి చూడండి. చక్రాలు కూడా కొంచెమే తిరిగితే అది ప్రపోర్షనల్ కంట్రోల్. కాస్త తిప్పగానే చక్రాలు పూర్తిగా ఒక పక్కకి వెళ్లిపోతే వద్దు. అలాంటి కారుతో డ్రైవింగ్ నేర్చుకోవడం కుదరదు. గోడలకి గుద్దడమే అవుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ ఉన్నవే తీసుకోండి. పాత 27 మెగాహెర్ట్జ్ కార్లు రెండు పక్కపక్కనే నడిపితే ఒకరి రిమోట్‌కి ఇంకొకరి కారు కదిలే ఛాన్స్ ఉంది.

బ్యాటరీ లెక్క

500 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న కారు సగటున రెండున్నర ఆంపియర్లు లాగితే 12 నిమిషాల్లో ఆగిపోతుంది. అదే బ్యాటరీ 250 మిల్లీఆంపియర్ల కేబుల్‌తో ఎక్కడానికి రెండు గంటలు దాటుతుంది. అందుకే స్పేర్ బ్యాటరీ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఇక్కడ అజాగ్రత్త వద్దు!

లిథియం బ్యాటరీ ఉబ్బినా, దెబ్బ తిన్నా మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. మంటలు వచ్చే ప్రమాదం ఉంది. రాత్రంతా పెట్టి పడుకోవద్దు. మంచం మీద, సోఫా మీద పెట్టొద్దు. పెద్దవాళ్లు దగ్గరుండి, కారుతో వచ్చిన ఛార్జర్‌నే వాడాలి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్‌ఐ మార్క్ తప్పనిసరి. బాక్స్ మీద ఆ గుర్తు లేకపోతే ఎంత చవకైనా పక్కన పెట్టేయండి.

ఎవరికి ఏది?

ఐదారేళ్ల పిల్లలకైతే ఐఎస్‌ఐ మార్క్ ఉన్న చవక కారు చాలు. వాళ్లకి కావాల్సింది ఆట, స్పీడ్ కాదు. ఎనిమిదేళ్లు దాటి, నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే ప్రపోర్షనల్ కంట్రోల్ ఉన్నదే చూడండి. టీనేజర్లు, పెద్దవాళ్లు దీన్ని హాబీగా మొదలుపెట్టాలనుకుంటే రెండు మూడు చవక కార్లకి పెట్టే డబ్బు దాచుకుని, ఇంకా డబ్బు కలిపి ఒక హాబీ గ్రేడ్ కారు కొనడం మేలు. ఉదాహరణకి డబ్ల్యూఎల్ టాయ్స్ 144001. ఫోర్ వీల్ డ్రైవ్, 7.4 వోల్టుల బ్యాటరీ. గంటకి 60 కి.మీ. వేగమని కంపెనీ చెబుతోంది. ఆ వేగంతో కాలికి తగిలితే గాయమే. అందుకే మొదట్లో ఖాళీ మైదానంలో, సగం స్పీడులోనే నడపాలి.

చివరగా ఒక్క మాట. ఆర్డర్ పెట్టే ముందు ఆ మోడల్ పేరుతో గేర్లు, బ్యాటరీ అమ్ముతున్నారేమో ఒక్కసారి వెతకండి. దొరికితే కొనండి. దొరకకపోతే అది కొన్నాళ్ల ముచ్చటే అనుకుని, అంతవరకే ఖర్చు పెట్టండి.