దుప్పి కొమ్ముకు చెవి కొలత

దూరంగా నిలబడ్డ దుప్పి కొమ్ము ఎంత పొడుగో ఎట్ల తెలుస్తది? కవ్వాల్ అడవిలో మా తాత నాకు చూపించిండు. నేను బారెడున్నది అన్న. తాత నవ్వి "చెవితోని కొలువు" అన్నడు.

దుప్పి చెవి సుమారు రెండు బెత్తెలు ఉంటుంది. కొమ్ము చెవికి ఎన్నింతలో చూడాలి. ఆ దుప్పికి మూడింతలు. అంటే ఆరు బెత్తెలు, మూరెడే! నాలుగైదింతలుంటే పెద్ద పోతు. ఎదురుగ చూస్తే కొమ్ము వంపు తెల్వదు, పక్కనుంచి చూడాలి. కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు నూగుతోలు వల్ల లావుగ కనబడతయి, మోసపోవద్దు.

1972 చట్టంతో వేట నేరమైంది. తాత విల్లు అటకెక్కింది. ఇప్పుడు చూసుడే, కొట్టుడు లేదు.

లెక్కల సారు నిష్పత్తి చెప్పినప్పుడు నాకు ఈ చెవే యాదికొచ్చింది. తాత బడికి పోలేదు. కానీ ఈ లెక్క ఆయనకు ముందే తెలుసు.

– 9వ తరగతి విద్యార్థిని