కొండగొర్రెకు కాపరి ఎవరు?

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదు. మేత వేసే చెయ్యీ, కత్తి పట్టే చెయ్యీ ఒకటేనని పాపం దానికి తెలియదు. అయితే ఇది పెంపుడు గొర్రె సంగతి. అడవిలో తిరిగేది ఎవరినీ నమ్మదు. మనిషి వాసన తగిలితే చాలు, చెంగున దూకి పొదల్లో మాయమైపోతుంది. దాని బదులు ఎవరిని నమ్మాలో తేల్చుకోవలసినవాళ్ళం మనమే.

తేల్చుకోవడం అంత తేలిక కాదు. అడవిగొర్రెల పేరు చెప్పి ప్రపంచంలో రెండు రకాల సంఘాలు వెలిశాయి. "మేము వేటాడుతున్నాము గనుకనే అవి బతికి ఉన్నాయి" అంటుంది ఒక పక్షం. "వేట మానిపిస్తేనే అవి బతుకుతాయి" అంటుంది రెండో పక్షం. ఇద్దరి కరపత్రాల మీదా అదే జంతువు బొమ్మ. ఇద్దరూ చందా అడుగుతారు. ఇంట్లో పిల్లవాడు, "నాన్నగారూ, వీళ్ళలో ఎవరికిద్దాం?" అని అడిగాడనుకోండి. ఏమని చెబుతాం? ఈ ప్రశ్నను పట్టుకుని ఒక్కసారి మన పినపాక అడవిదాకా వెళ్ళి వద్దాం.

గొర్రె కాని గొర్రె

మణుగూరు బొగ్గు గనులు దాటి, గోదావరి పక్కగా ఏటూరునాగారం వైపు సాగే దారిలో పినపాక తగులుతుంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి. మధ్య మధ్య కోయ గూడేలు. ఒక పక్క ఏటూరునాగారం అభయారణ్యం. దాన్ని 1950ల తొలి సంవత్సరాలలో, హైదరాబాదు రాష్ట్రం ఉన్న రోజుల్లోనే ఏర్పరచారు. మరొక పక్క పాల్వంచ దగ్గర 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం. విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు.

నిజమైన అడవిగొర్రెలు మన దేశంలో లడఖ్ వంటి మంచుకొండల మీద తప్ప లేవు. మన అడవుల్లో "కొండగొర్రె" అని పిలిచేది అసలు గొర్రే కాదు, నాలుగు కొమ్ముల జింక. హిందీవారు చౌసింగా అంటారు. (పేర్లు ఊరూరికీ మారుతాయి, మొరిగే జింకనూ కొండగొర్రె అనేవారున్నారు.) దీని దగ్గర చుట్టం మనుబోతు. కాని మనుబోతు గుర్రమంత ఉంటే, ఇది రెండడుగుల ఎత్తు, ఇరవై కిలోల బరువు, అంతే. మగదానికి చెవుల మధ్య రెండు కొమ్ములు, నొసటి మీద మరో రెండు చిట్టి కొమ్ములు. వెనుకవి నాలుగంగుళాలుంటే, ముందువి ఒకటి రెండు అంగుళాలు. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ప్రపంచంలో ఇదొక్కటే. భారతదేశంలోనూ నేపాల్‌లోనూ తప్ప మరెక్కడా లేదు.

దుప్పుల్లాగా ఇది మందలు కట్టదు. ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది. రెండు అలవాట్లు దీని ప్రాణం మీదికి తెస్తాయి. ఒకటి, నీళ్ళు లేకుండా ఎక్కువకాలం ఉండలేదు. అందుచేత వేసవిలో వాగుల్లోని చెలమలనూ గుంటలనూ వదిలి దూరం పోదు. రెండవది, రోజూ వచ్చి ఒకేచోట పెంటికలు వేస్తుంది. కుప్ప కనబడితే కొండగొర్రె చిరునామా దొరికినట్టే. ఆ చిరునామా లెక్క పెట్టడానికి వచ్చినవాడికీ పనికివస్తుంది, ఉచ్చు పన్నడానికి వచ్చినవాడికీ పనికివస్తుంది.

వేటగాళ్ళ వాదం

వేటగాళ్ళ సంఘాల మాట వినకుండా కొట్టిపారేయడం న్యాయం కాదు. వారికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది.

అమెరికాలో పెద్దకొమ్ముల గొర్రెలు పశ్చిమపు కొండలనిండా ఉండేవి. వలస వచ్చినవారి తుపాకులు కొన్నిటిని, వారి పెంపుడు గొర్రెలు అంటించిన ఊపిరితిత్తుల జబ్బు మరికొన్నిటిని పొట్టన పెట్టుకున్నాయి. వేటను ఇష్టపడేవారు 1977లో ఒక సంఘం పెట్టుకున్నారు. 2008 నుంచి దాని పేరు వైల్డ్ షీప్ ఫౌండేషన్. వేట అనుమతులు కొన్నిటిని ఇటువంటి సంఘాలు వేలం వేస్తాయి. 2013లో మోంటానా రాష్ట్రంలో ఒక్క పొట్టేలును వేటాడే అనుమతికి నాలుగు లక్షల ఎనభై వేల డాలర్లు పలికింది. ఆ సొమ్ముతో గొర్రెలను పట్టి, అవి అంతరించిన కొండలకు తరలిస్తారు. జబ్బుల మీద పరిశోధన చేయిస్తారు. వేట వద్దనేవారు ఒప్పుకోరు. కొండకు కావలసింది డబ్బున్నవాడి సరదా కాదంటారు. పొట్టేళ్ళ లెక్క పెంచడం కోసం వాటిని తినే కొండసింహాలను చంపించడం ఏమి రక్షణ అని నిలదీస్తారు.

అంత దూరం ఎందుకు? కేరళలో మున్నార్ కొండల మీద వరయాడు అనే కొండమేక ఉన్నది. అక్కడి తేయాకు తోటల దొరలు వేట కోసమే సంఘం పెట్టుకుని ఇరవికులం పచ్చికమైదానాలను కాపాడుకున్నారు. అడవినెరిగిన ముతువాన్ గిరిజనులను కావలికి పెట్టారు. తమ వేటకోసం దాచుకున్న ఆ భూమే 1975లో అభయారణ్యమై, 1978లో జాతీయ ఉద్యానవనమైంది. ఈనాడు వరయాళ్ళు ఎక్కువగా మిగిలిన చోటు అదే. కసాయివాణ్ణి నమ్మిన గొర్రె బతికి బట్టకట్టిన సందర్భం అది!

పాకిస్తానులో బలూచిస్తాన్ కొండల్లో తోర్ఘర్ అని ఒక చోటు. 1980ల నడుమ అక్కడ కొండమేకలూ, యూరియల్ అనే అడవిగొర్రెలూ ఇంక లేవన్న స్థితికి వచ్చాయి. తెగ పెద్దలు ఊరివాళ్ళ వేట మానిపించి, ఆ వేటగాళ్ళకే జీతమిచ్చి కావలి పెట్టారు. ఏడాదికి కొద్ది జంతువులను మాత్రం విదేశీయుల వేటకు అనుమతించి, ఆ సొమ్ముతో జీతాలిచ్చారు. మంద మళ్ళీ పెరిగింది.

వేట వద్దన్నవారి వాదం

మన దేశం రెండో దారి పట్టింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సు మీద కొంత వేటకు వీలుండేది; 1991 సవరణతో అదీ పోయింది. నాలుగు కొమ్ముల జింకకు చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటిచ్చారు. దాన్ని చంపితే జైలు తప్పదు.

మనదగ్గర పాత సంఘాలను చూస్తే వేటగాడికీ రక్షకుడికీ మధ్య గీత అంత స్పష్టంగా కనబడదు. 1883లో ఎనిమిదిమంది చేరి పెట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో తొలినాళ్ళలో తుపాకి పట్టినవారే ఎక్కువ. ఆ సొసైటీకి తలమానికమైన సలీం అలీకి పక్షుల పిచ్చి పట్టింది చిన్నతనంలో తాను ఎయిర్‌గన్నుతో కొట్టిన పిచ్చుక వల్లనే. 1930ల తొలి రోజుల్లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. 1969లో మన దేశంలో పనిప్రారంభించిన వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ వంటివి ఆ తరువాతివి. తుపాకి దింపిన చేతులే ముందుగా కాపలాకు లేచాయని చెప్పుకోవచ్చును.

అయితే చట్టం కాగితం మీద ఉంటుంది, కొండగొర్రె అడవిలో ఉంటుంది. కాపలా సిబ్బంది కొద్దిమంది, అడవి వందల చదరపు కిలోమీటర్లు. ఈనాటి దొంగవేటకు తుపాకి చప్పుడు కూడా లేదు. వాగు పక్కన సన్నని తీగ ఉచ్చు, లేదా చీకట్లో పరిచిన కరెంటు తీగ. అది దుప్పి ఏదో, కొండగొర్రె ఏదో ఎంచదు. దారిన పోయే పశువునూ మనిషినీ కూడా ఎంచదు.

ఎవరూ అడగని మూడో పక్షం

ఈ ఇద్దరి వాదులాటలో ఎవరూ పలకరించనివాడు ఒకడున్నాడు. అతడు ఆ గూడెంలో పుట్టిన కోయవాడు. తొలకరి విత్తనాల వేళ జరిగే భూమి పండుగకు మగవాళ్ళు కట్టుగా వేటకు వెళ్ళడం, ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలిచి వచ్చేపోయేవారి దగ్గర కానుకలు వసూలు చేయడం కోయల ఆచారం. ఆ వేట సరదాకు కాదు. పంట బాగా పండాలని చేసే మొక్కు, ఊరంతా పంచుకునే పాలు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం గిరిజనుడికి భూమి మీద, తునికాకు వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. అదే చట్టం అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. అంటే తాతలనాటి విల్లు దించమన్నది, కాపరి కర్ర చేతికిచ్చింది. కాని కర్ర పట్టుకుని వేసవి ఎండలో చెలమ దగ్గర కూర్చునేవాడికి ఆ పూట కూలి ఎవరిస్తారు? ప్రశ్న అంతా ఇక్కడే ఉన్నది.

ఇతడి బాధ మరొకటి. చేలో పడిన అడవిపందిని చంపించడానికి 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు అధికారమిచ్చింది. అయితే తుపాకి పేల్చేది జాబితాలోని షూటర్లు. తన చేను పాడవుతుంటే రైతు వారి కోసం ఎదురుచూడాలి. అంతవరకు ఆగలేనివాడు కంచెకు తీగ చుడతాడు. ఆ తీగకు తగిలేది పందేనని ఎవరు హామీ ఇవ్వగలరు?

మరి ఎవరికిద్దాం?

అమెరికా పద్ధతి పినపాకకు పనికిరాదని నా అభిప్రాయం. చట్టం ఒప్పుకోదన్నది ఒక్కటే కారణం కాదు. వేలం పాటకు నిలబడేది మూరెడు కొమ్ములున్న పొట్టేలు. వేలెడు కొమ్ములున్న కొండగొర్రెను పాడేవాడెవడు? పైగా మందలో తిరిగేదాన్ని లెక్కించి ఇన్ని చాలు, ఇన్ని తియ్యవచ్చు అనవచ్చును. పొదల్లో ఒంటరిగా దాగేదాన్ని సరిగా లెక్కించడమే కష్టం. లెక్క తెలియని పెట్టెలోంచి డబ్బు తీయడం ఏ గృహస్థుడూ చేయడు గదా!

అలాగని పట్నంలో గోడలకు బొమ్మలు అంటించి, గూడేనికి ఏడాదికొకసారి ఉపన్యాసానికి వెళ్ళే సంరక్షణ సంఘమూ చాలదు. తోర్ఘర్‌లోనూ మున్నార్‌లోనూ కాపాడింది తుపాకి కాదు; అడవి తెలిసినవాడికి అందిన జీతం. తుపాకి లేకుండానే ఆ పని జరుగుతుందని నాగాలాండ్‌లోని ఖోనోమా గ్రామం రుజువు చేసింది. వేటకు పేరుపడ్డ ఆ ఊరివారే తమంతట తాము వేట నిషేధించుకుని, 1998లో తమ కొండను పక్షులకు అభయారణ్యం చేశారు. మన దగ్గర 1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితుల ఆలోచన కూడా ఇదే. ఊరికి నిజమైన వాటా ఉన్నచోట నిలుస్తుంది, లేనిచోట పేరుకు మిగులుతుంది.

అందుచేత చందా పుస్తకం పట్టుకుని ఏ సంఘం వచ్చినా, దాని పేరులో వేట ఉన్నదా రక్షణ ఉన్నదా అని చూడకండి. నాలుగు ప్రశ్నలు వేయండి.

జంతువుల లెక్క ఎవరు కట్టారు? సంఘం వారే కట్టి, వారే మెచ్చుకుంటున్నారా, లేక బయటివారు సరిచూశారా?

మేమిచ్చే రూపాయిలో గూడెందాకా చేరేది ఎంత? పాకిస్తాన్ ఉత్తరపు కొండల్లో వేట రుసుములో నూటికి ఎనభై వంతులు ఊళ్ళకే ఇస్తారు. మీ సంఘం పద్ధతి ఏమిటి?

ఊరివాళ్ళు మీ సంఘంలో కూలీలా, సభ్యులా? ఏ గుంట దగ్గర కావలి ఉండాలో నిర్ణయించేది ఎవరు?

గత వేసవిలో ఎన్ని ఉచ్చులు తీసివేశారు? ఎన్నిటిని పట్టుకోలేకపోయారు? ఓటమి కూడా చెప్పే సంఘాన్ని సగం నమ్మవచ్చును.

ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవారు దొరికితే, మారు మాట లేకుండా చందా ఇవ్వండి. పది రూపాయలే అయినా ఫరవాలేదు. దొరకకపోతే పుస్తకం మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. అడిగే ఇళ్ళు పదయితే సంఘమూ మారుతుంది.

ఇక ఇంట్లో పిల్లవాడి ప్రశ్నకు జవాబు. "బాబూ, వేటగాడా, రక్షకుడా అని కాదు. ఎండాకాలం నడిమధ్యాహ్నం ఆ చెలమ పక్కన కూర్చునేవాడు ఎవడో కనుక్కో. అతడి కంచంలో అన్నం ఉండేటట్టు చూసే సంఘం ఏదో, దానికిద్దాం" అనండి. కొండగొర్రె అతణ్ణి కూడా నమ్మదు. దూరాన ఆగి, నాలుగు కొమ్ముల తల ఎత్తి ఒకసారి చూసి, అతడు కదలకపోతే వచ్చి నీళ్ళు తాగి వెళుతుంది. దానికి అంతకంటే కావలసింది లేదు.