షెడ్డు పైపులు కోసే రంపానికి ఏ బ్లేడు వాడాలి?

సూళ్లూరుపేట పరిసర గ్రామాలలో పశువుల పాకలకు ఒకప్పుడు సరుగుడు కొయ్యలు, తాటి దూలాలు వాడేవారు. ఇప్పుడు చాలాచోట్ల జి.ఐ. పైపులు, ఇనుప యాంగిళ్ళు వాడుతున్నారు. నాలుగు షెడ్లు ఒకేసారి వేసుకునే ఊళ్ళో చిన్న బ్యాండ్ సా మిషను ఒకటి ఉంటే చేతి రంపంతో పడే శ్రమ తప్పుతుంది. అయితే మిషను కొన్నంత శ్రద్ధగా మనం బ్లేడు కొనము. దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చి బిగిస్తాము.

మేమూ అలాగే చేశాము. కొత్త బ్లేడు బిగించి మొదటి పైపు సగం కోయకముందే టకటకమని చప్పుడు వచ్చింది. ఆపి చూస్తే రెండంగుళాల మేర పళ్ళు లేవు. అందులో మిషను తప్పు లేదు, అమ్మినవారి తప్పూ లేదు. ఏమి కోయబోతున్నామో చెప్పి అడగడం మాకు తెలియలేదు.

బ్లేడుకు అంగుళంలో ఎన్ని పళ్ళు ఉన్నాయన్నది అన్నిటికంటే ముఖ్యం. కోసే లోహం మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆనుకుని ఉండాలి. అంతకంటే తక్కువైతే పల్చని అంచు రెండు పళ్ళ సందులో ఇరుక్కుని పన్నును విరిచేస్తుంది. ఇరవైనాలుగు మించితే పొట్టు నిలవడానికి సందు చాలక పళ్ళు పూడిపోతాయి. ఆరు నుంచి పన్నెండు పళ్ళు ఆనితే పని హాయిగా సాగుతుంది.

లెక్క వేసి చూద్దాము. ఒకటిన్నర అంగుళాల మీడియం జి.ఐ. పైపు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు. అంగుళానికి 14 పళ్ళ బ్లేడులో పన్నుకూ పన్నుకూ దూరం సుమారు 1.8 మిల్లీమీటర్లు. అంటే పైపు గోడలో రెండు పళ్ళు కూడా ఆనవు. మా బ్లేడు పళ్ళు రాలింది ఇందుకే. ఈ పైపుకు 24 పళ్ళ బ్లేడు సరిగ్గా సరిపోతుంది. 18 పళ్ళది వాడితే మిషనును మెల్లగా దింపాలి. ప్యాకెట్టు మీద 14/18 అని ఉంటే పళ్ళ దూరం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా మారుతూ ఉంటుందని అర్థం. అదురు తగ్గుతుంది కనుక పైపులకు ఇదీ మంచిదే, అయితే దీనినీ మెల్లగానే దింపాలి.

యాంగిల్ విషయంలో బ్లేడు మార్చకుండానే ఒక మేలు చేసుకోవచ్చు. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న యాంగిల్‌ను ఒక రెక్క నిలువుగా, ఒక రెక్క పడుకోబెట్టి వైసులో బిగిస్తే, రంపం ముందు 5 మిల్లీమీటర్ల సన్నని రెక్కను, ఆ తర్వాత ఒక్కసారిగా వెడల్పాటి రెక్కను కోయవలసి వస్తుంది. అదే యాంగిల్‌ను ఇంటి కప్పులా మూల పైకి వచ్చేట్టు బోర్లిస్తే, రెండు రెక్కలూ ఏటవాలుగా తగిలి ఒక్కొక్కచోట సుమారు 7 మిల్లీమీటర్ల మందం అడ్డుపడుతుంది. 14 పళ్ళ బ్లేడుతో మూడు పళ్ళకు పైగానే ఆనుతాయి. అంగుళం మందం గట్టి కడ్డీకీ 14 పళ్ళే చాలు. రెండంగుళాల కడ్డీ అయితే 8 లేక 10 పళ్ళ బ్లేడు కావాలి.

ఇక బ్లేడు ఉక్కు. కార్బన్ స్టీలు బ్లేడు చవక. కానీ వేడెక్కితే పళ్ళ పదును త్వరగా పోతుంది. బై మెటల్ బ్లేడుకు వెన్ను స్ప్రింగు స్టీలు, పళ్ళ అంచు హైస్పీడు స్టీలు. ఖరీదు ఎక్కువే, అయినా వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువకాలం వస్తుంది. ఏడాదికి పది పైపులు కోసేవారికి కార్బన్ చాలు. సంఘం మిషనుకు మాత్రం బై మెటల్ కొనడమే లాభమని నా అభిప్రాయం. స్టెయిన్‌లెస్ స్టీలు కోయవలసి వస్తే ఇక ఆలోచించనక్కరలేదు, బై మెటలే కావాలి. వేగం తగ్గించి, ఒత్తిడి విడవకుండా కోయాలి. కోయకుండా ఊరికే రాపిడి పెడితే ఆ లోహం ఇంకా గట్టిపడుతుంది.

పొడవు, వెడల్పు, మందం పాత బ్లేడును కొలిచి రాసుకుని దుకాణానికి వెళ్ళండి. బిగించేటప్పుడు కోతచోట పళ్ళ మొన బ్లేడు నడిచే దిక్కుకే ఉండాలి. తిరగబడి వస్తే బ్లేడును లోపలిది బయటికి తిప్పండి. చుట్ట విప్పేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, మిషను నడిచేటప్పుడు తీసివేయండి. కొత్త బ్లేడుతో మొదటి కొన్ని కోతలు సగం ఒత్తిడితోనే కోయాలి. పాత బ్లేడు సగం కోసి వదిలిన గాడిలో కొత్తదాన్ని దింపవద్దు, పైపును తిప్పి వేరేచోట మొదలుపెట్టండి. పొట్టు సన్నని చుట్టలుగా రాలితే అంతా సవ్యంగా ఉన్నట్టు. పొడిలా రాలితే ఒత్తిడి చాలలేదు. నీలం రంగు తిరిగితే ఒత్తిడో వేగమో మించింది.

పులికాట్ వైపు నుంచి వీచే ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పని అయ్యాక బ్లేడు బిగువు వదిలి నూనెగుడ్డతో తుడవండి. కోసినచోట పైపుకు జింకు పూత పోతుంది కనుక ఆ అంచును ఆకురాయితో నున్నగా చేసి జింకు పెయింటు పూయండి. నున్నగా చేయని అంచు గేదె మెడకో పొదుగుకో గీరుకుంటుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం నేల మీద ఉంటుంది. ఆవు, గేదె మేతను ఏరి తినవు, గబగబా మింగేస్తాయి. గడ్డిలో కలిసిన తీగముక్క, విరిగిన బ్లేడు ముక్క తేనెపట్టులా ఉండే పొట్ట అరలో నిలుస్తుంది. ఆ అరకు ఎదురుగానే, మధ్యపొర అవతల, గుండె ఉంటుంది. ముక్క గుచ్చుకుని ముందుకు జరిగితే పశువు మేత మానుతుంది, వీపు వంచి నిలబడుతుంది, పాలు ఒక్కసారిగా తగ్గుతాయి. గుండెదాకా చేరితే బతికించడం కష్టం. అందుచేత మిషనును వరిగడ్డి వామికి, మేత తొట్లకు దూరంగా పెట్టండి. కింద పాత గోనె పట్టా పరిచి కోయండి. పని ముగిశాక పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి నేలంతా ఈడ్చండి. స్టెయిన్‌లెస్ ముక్కలు చాలావరకు అయస్కాంతానికి అంటవు, వాటిని చేత్తోనే ఏరాలి.